అమెరికా మేడం

కర్నూలు నుంచి కడపకు పోయే కారు నంద్యాల దాటింది. నడుపుతున్నవాడు క్రాంతి కుమార్. పక్క సీట్లో, ఒకప్పుడు అతనికి ఎం.ఏ. ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసర్ జెస్సీ. రెండ్రోజులు కర్నూలు పుట్టింటికి వచ్చిన ఆమె, సిలబస్ మీటింగు కోసం తను పనిచేసే కడప కాలేజీకి పోతోంది.

“మళ్ళా చెప్పు.”

“ఇప్పుడే గదా మేడం చెప్తి.”

“చెప్తివి గానీ గొణిగినట్ల చెప్తివి. సిలబస్ మీటింగులో అట్ల గొణిగితే ఎవరూ వినరు. గట్టిగా చెప్పు.”

“‘పరిశ్రమ తరఫున నా మనవి ఏమంటే, ఎం.ఏ.లో పంతొమ్మిదో శతాబ్దం అమెరికన్ సాహిత్యం పేపరు తీసేయొద్దు.’”

“తీసేయొద్దు అని అడుక్కోవద్దప్పా. ‘ఉండి తీరల్ల’ అను.”

“‘ఉండి తీరల్ల.’ మేడం, ఆళ్లగడ్డ వస్తాంది. టీ తాగుదామా?”

“నంద్యాలలో తాగితిమి గదా.”

“కాఫీ?”

“క్రాంతీ!”

“సరే, సరే. చెప్పండి మేడం.”

“ఎందుకు ఉండల్ల అని చెయిర్మన్ అడుగుతాడు. అప్పుడు నువ్వేమంటావు?”

“నేను ఆ పేపరు చదివినోన్ని. మంగంపేట ముగ్గురాయి కంపెనీలో ఎగుమతి మేనేజర్ను. పొద్దున లేస్తే బయటి దేశాలోళ్ళతో మాట్లాడల్ల. నాకు ఇంగ్లీషు నోట్లో తిరిగిందంటే ఆ పేపరు వల్లనే, జెస్సీ మేడం వల్లనే...”

“నా పేరొద్దు. ‘ఆ పేపరు వల్లనే’ అని ఆపి అందరి మొగాలు చూడు. ఇంగ్లీషు సిలబస్ బోర్డులో పరిశ్రమ ప్రతినిధి ఒకడు ఉండల్లని రూలు వచ్చినప్పుడు నేనే నవ్వుకున్యా. కథలకూ పద్యాలకూ ఫ్యాక్టరీ మనిషి ఎందుకని. ఈ పొద్దు చూడు, దేవుడు నిన్నే పంపిచ్చె. ఆ బోర్డులో ఉండేటోళ్ళలో నా పాఠం విన్నోడివి నువ్వొక్కనివే.”

“ఏసీ పెంచల్నా మేడం?”

“ఏం వద్దు. నీకే చెమటలు పడతాండాయి, నాకు కాదు. ఈ చేన్లు చూడు, ఎట్ల బీడు పడిపోయినాయో. నాకు ఈ రోడ్డు మీద పోయినప్పుడంతా...”

“మీ అమెరికా ఆడోళ్ళు గుర్తొస్తారు.”

“గుర్తుండాదే నీకు!”

“మరిచిపోతే గదా మేడం. వాన పడని మైదానంలో, మట్టి పెళ్ళలు పేర్చి కట్టుకున్న ఇంట్లో కూర్చోని, పుట్టింటికి జాబులు రాసుకున్న ఆడోళ్ళు. మీ పీహెచ్‌డీ అంతా వాళ్ళ మీదనే. నా తరవాత బ్యాచ్‌లో కోసిగి పిల్ల ఒగతి క్లాసులో లేచి, మా అమ్మోళ్ళు మిరపకాయల కోతకు గుంటూరు పోయినప్పుడు ఫోన్లో ఇట్లనే చెప్తారు మేడం అనిందంట గదా.”

“హేమావతి. ఆ పొద్దు పాఠం సగంలో ఆపేస్తి. ఆ పిల్లే నల్లబోర్డు కాడికొచ్చి వాళ్ళమ్మ సంగతి చెప్పె. క్లాసంతా వినె. ఇంటికి పోయి మా ఆయనతో అంటి, ఈ ఉద్యోగానికి నాకు ఇంగేమీ అక్కరలేదు, ఇది చాలు అని. ఆయనేమో ఇంక్రిమెంటు వచ్చిందేమో అనుకునె.”

“మీకు ఈ పిచ్చి ఎట్ల పట్టె మేడం? కర్నూల్లో పుట్టి, అమెరికా జాబులేంది?”

“మా అవ్వ వల్ల. అవ్వ మిషన్ కాంపౌండులో దొరసాని ఇంట్లో ఆయాగా చేసె. దొరసాని వాళ్ళ దేశం పోతా పోతా సామానంతా ఇచ్చేసి పోయె. అందరూ కుర్చీలు, పింగాణీ గిన్నెలు పట్టుకోని పోతే, మా అవ్వ పాత పుస్తకాల పెట్టె తెచ్చె. పొయ్యి లోకి పనికొస్తాయని.”

“పొయ్యి లోకా!”

“అవ్వకు చదువు రాదు గదప్పా. రోజూ ఒగ పుస్తకం చించి పొయ్యిలో పెట్టేది. నేను ముందే పోయి కూర్చోని, అవ్వ చించే లోపల చదువుకునేదాన్ని. అర్థం సగమే అయ్యేది. మిగతా సగం ఏమై ఉంటుందా అని చదువుతా చదువుతా ఈడిదాకా వచ్చినా.”

“ఇది మీరు క్లాసులో ఎప్పుడూ చెప్పలే.”

“క్లాసులో చెప్తే, ఇంటర్వ్యూలో నవ్వినట్ల మీరూ నవ్వుతారని. ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయప్ప అడిగె, ‘కరువు సీమ దానివి, నీకు అమెరికా ఎందుకమ్మా’ అని. అక్కడా కరువే సార్ అంటి. ఆయప్ప నమ్మలే. ఉద్యోగమైతే ఇచ్చినార్లే.”

“అందరూ మిమ్మల్ని అమెరికా మేడం అనేటోళ్ళం.”

“ఆ పేరుతో నేను పడే బాధ నీకేం తెలుసు. కడపలో బట్టలంగడాయప్ప బిల్లు రాస్తా రాస్తా, ‘మేడం, మావోడికి వీసా రావాలంటే లోపల ఏం చెప్పల్ల’ అంటాడు. నేను విమానం ఎక్కిందే లేదప్పా అంటే నమ్మడు. తెలిసీ చెప్పకుండా దాచిపెడతాండా అనుకుంటాడు.”

“మీకు పోయే అవకాశం ఒకసారి వచ్చింది గదా మేడం?”

“వచ్చె. అక్కడి యూనివర్సిటీ వాళ్ళే పిలిచిరి, ఆ జాబుల అసలు కాగితాలు చూసుకునేదానికి రమ్మని. ఆ ఏడాదే మీ బ్యాచ్. మీకు చెప్పేదానికి వేరే మనిషి లేరు. సెలవియ్యలే. సరే, మళ్ళా పిలుస్తార్లే అనుకుంటి.”

“మా బ్యాచ్ వల్లనా మేడం?”

“మీ వల్ల ఏముండాదిలే. పిలవలే మళ్ళా, అంతే. నువ్వు అదంతా తలకెక్కించుకోవద్దు. మీటింగులో చెప్పేది చూసుకో. యాడికొచ్చినాం?”

“చాగలమర్రి. మేడం, ఒగ మాట చెప్పల్నా?”

“చెప్పు.”

“కంపెనీలు ఇప్పుడు అడిగేది వేరే మేడం. ఈమెయిలు రాయడం, ఫోన్లో మాట్లాడడం, ఇంటర్వ్యూలో ఎట్ల కూర్చోవల్ల, ఎట్ల లేయల్ల... ఇట్లాంటివి.”

“పెడదాం! నేనేమన్నా వద్దంటినా? చివరి యూనిట్ తీసేసి ఈమెయిలు పెడదాం.”

“ఒగ యూనిట్ చాలదంటారేమో.”

“రెండు. కవిత్వం తీసేస్తా. కవిత్వం ఎట్లాగూ ఎవరూ చదవడంలేదు, ఛాయిస్‌లో వదిలేస్తాండారు.”

“మేడం...”

“సగం అడుగుతారా? సగం ఇచ్చేద్దాంలే. నవల కూడా పోనీ. లావుగా ఉండాదని పిల్లోళ్ళు గైడే కొంటాండారు. కథలు, జాబులు ఉంచుకుంటా.”

“మేడం, నేను చెప్పేది ఏమంటే...”

“కథలూ వద్దంటారా? పేరు మార్చమంటారా? మార్చుకోమను. ‘వ్యాపార ఇంగ్లీషు’ అని పెట్టుకోమను, నాకేం బాధ లేదు. జాబులు రాయడం అని ఒగ పాఠం ఉంటుంది గదా దాంట్లో? ఆ పాఠంలో నా ఆడోళ్ళ జాబులు ఒగటో రెండో పెట్టుకుంటా. నమూనా కింద. ఎవరికీ చెప్పను. అవీ జాబులే గదా, ఎవరు కనిపెడతారు? ఏమప్పా, మాట్లాడవు?”

“లారీ అడ్డమొచ్చె మేడం.”

“యాడుండాది లారీ?”

“పోయె.”

“రోడ్డు ఖాళీగా ఉండాది క్రాంతీ. నేను కండ్లు లేనిదాన్నా? ఏమైంది నీకు? పొద్దున్నుంచీ చూస్తాండా, మొగం పక్కకు తిప్పుకోనే ఉండావు. ఇంగో మాట. నీది తెల్ల కారు గదా. ఇదెవరిది?”

“ఫ్రెండుది మేడం.”

“ఏ ఫ్రెండు? ఆ అద్దానికి ఏలాడే గంధపు పూసల దండ నేను చూసినా. కాలేజీ పోర్టికోలో రోజూ చూస్తాండా. ఇది ప్రిన్సిపాల్ రాఘవేంద్రప్రసాద్ కారు. కర్నూల్లో పని ఉండాది, ఎట్లాగూ కడపకే పోతాండా, మీరూ ఎక్కండి మేడం అంటివి. ఏం పని కర్నూల్లో?”

“చిన్న పనే.”

“ఏం పని?”

“మీరే మేడం. మిమ్మల్ని పిలుచుకోని రమ్మని కారిచ్చి పంపిచ్చినారు. దావలో చెప్పమన్నారు.”

“ఏం చెప్పమన్నారు?”

“నీళ్ళు తాగండి మేడం, ముందు.”

“నాకు దప్పిక లేదు. చెప్పు.”

“మినిట్స్ టైపు అయిపాయె మేడం.”

“మీటింగే కాలేదు గదా ఇంకా!”

“మీకు తెలీనిదా మేడం. ముందే టైపు కొట్టి పెడతారు. బిస్కెట్లు తిని, టీ తాగి, సంతకాలు పెట్టి లేస్తారు.”

“తెలుసులే. నేనూ పెట్టినా అట్లాంటి సంతకాలు. ఏముండాది దాంట్లో?”

“మీ పేపరు తీసేసినారు. దాని బదులు కమ్యూనికేషన్ పేపరు పెట్టినారు.”

“మొత్తమా?”

“మొత్తం మేడం.”

“ఒగ యూనిట్ కూడా...”

“లేదు.”

“నేను చెప్పేది ఆ పేపరొక్కటే. అది లేకుంటే నాకు క్లాసులు ఉండవు. ప్రైవేటు కాలేజీలో క్లాసులు లేకుంటే పోస్టు ఉండదు. ఆ సంగతి వాళ్ళకు తెలుసా?”

“తెలుసు మేడం.”

“ఆ కమ్యూనికేషన్ నేనే చెప్తా. నాకు రాదా ఏంది? ఈమెయిలు నేను రాయలేనా? చెప్తానని నువ్వు చెప్పినావా వాళ్ళకు?”

“చెప్తి. పెద్ద జీతం ఇచ్చి ఈమెయిలు చెప్పించుకుంటామా అనిరి.”

“అంటే అంతా అయిపాయె. మరి నన్నెందుకు రమ్మనేది? కారు పంపిచ్చి మరీ? ఫోన్లో చెప్తే చాలు గదా.”

“చాలదంట మేడం. పాత పేపరు తీయాలంటే, ఆ పేపరు చెప్పే టీచరే లేచి ప్రతిపాదించల్లంట. టీచరు వద్దంటేనే యూనివర్సిటీ నుంచి వచ్చే పెద్దాయన సంతకం పెడతాడు. లేకుంటే ఎందుకు తీస్తాండారని గుచ్చి గుచ్చి అడుగుతాడంట.”

“అంటే నేను...”

“మినిట్స్‌లో ‘ప్రతిపాదించినవారు’ అనే కాడ మీ పేరుండాది.”

“నా పేపరు తీసేయండి అని నేనే లేచి చెప్పల్ల.”

“బలపరిచేది పరిశ్రమ ప్రతినిధి.”

“నువ్వు.”

“నేనే మేడం.”

“మరి నంద్యాల నుంచీ నాకెందుకు ఒప్పజెప్తాండావు? ‘ఉండి తీరల్ల’ అని గట్టిగా చెప్తివే!”

“మీరు చెప్పమంటిరి. చెప్పకుండా ఎట్ల ఉండేది? నంద్యాలలో చెప్దామనుకున్యా, టీ కాడ. నాకు నోరు రాలే. ఆళ్లగడ్డలో ఆపమంటే మీరు వద్దంటిరి.”

“నేను టీ తాగలేదని నా మీద పెట్టొద్దు క్రాంతీ.”

“లేదు మేడం. తప్పు నాదే.”

“ఒరే, నా పేపరు ఉంటే నీ కంపెనీకి ఏం పోతుందిరా? నీ లారీలు ఆగిపోతాయా?”

“లారీలు యాడుండాయి మేడం. ఆగిపోయి శాన్నాళ్ళాయె.”

“ఏంది?”

“ఉగాది నుంచి లోడింగ్ లేదు. మమ్మల్నందరినీ ఇంటికాడ ఉండమనిరి. నా కారు కూడా ఇచ్చేసినా. పరిశ్రమ ప్రతినిధి అని సంతకం పెడతాండా గానీ, నాకు పరిశ్రమే లేదు మేడం.”

“నాకు చెప్పలేదే!”

“ఎవరికీ చెప్పలే. ఇంట్లో సుచరితకే మొన్న మొన్న చెప్తి.”

“ఆ పిల్ల ఏమనె?”

“కూరగాయలు కోస్తా ఉండె, కోస్తానే ఉండె.”

“నా కండ్ల ముందర క్లాసులో ఒగరికొగరు నోట్సులు ఇచ్చుకుంటా పెండ్లి చేసుకుంటిరి. నాకు చెప్పకుండా అంత కష్టం దాచుకోవల్నా? ఆ పిల్ల నాకు ఫోను చేసి కూడా శాన్నాళ్ళాయె. నెట్ పరీక్ష పాసై ఎన్నేండ్లు ఖాళీగా కూర్చునె పాపం. నాకంటే బాగా చెప్తుంది పాఠం, తెలుసా నీకు? యాడైనా దొరికిందా దానికి ఉద్యోగం?”

“దొరికేట్లు ఉండాది మేడం.”

“యాడ?”

“కొత్త పేపరు చెప్పేదానికి ఒగ మనిషిని తీసుకుంటాండారు.”

“తీసుకుంటే?”

“సుచరితను తీసుకుంటామనిరి. ఈ మీటింగు అయితే రేపే చేరొచ్చంట.”

“కారు ఆపు.”

“మేడం...”

“ఆపమంటే ఆపు. మైదుకూరు వచ్చె గదా, బస్సు దొరుకుతుంది నాకు. వాపసు కర్నూలు పోతా. నేను రాకుంటే ఎవరు ప్రతిపాదిస్తారో చూస్తా.”

“ఆపుతాండా, ఆపుతాండా. తలుపు తీయొద్దండి, పక్కన బస్సు పోనీ.”

“పోతే పోనీ. చెప్పు, నేను రాకుంటే ఏమవుతుంది?”

“పెద్దాయన సంతకం పెట్టడు. వచ్చే ఏడాదికి పడుతుంది.”

“పడనీ. ఇంగో ఏడాది నా పేపరు ఉంటుంది. ఇంగో బ్యాచ్ వస్తుంది. నాకు కావల్సింది అంతే.”

“ఔను మేడం. మీరు చేసేదే న్యాయం. మిమ్మల్ని రమ్మని నేను ఒగ మాట అనను. రాలేదని చెప్తా వాళ్ళకు.”

“అను, అంటే ఏమాయె? నాకు కోపం రావల్ల గదా నీ మీద? ఏమన్నా అను.”

“ఏమనేది మేడం? మీ బ్యాగు ఇటియ్యండి, బస్టాండు దాకా నేను తెస్తా.”

“వద్దు, నేను మోసుకుంటా. క్రాంతీ, ఆ పిల్లకు తెలుసా? నా పోస్టు పోతుందని?”

“తెలీదు. మీ పేపరు అట్లనే ఉంటుంది, పక్కన ఇంగోటి పెడతాండారనుకుంటాంది. తెలిస్తే చేరదు మేడం. మీకు తెలుసు గదా దాని సంగతి.”

“తెలుసు. చేరదు.”

“ఎండగా ఉండాది, కొంగు తలకేసుకోండి.”

“నీ ఫోను మోగుతాంది.”

“మోగనీలెండి.”

“ఎవరు?”

“...సుచరిత.”

“ఎత్తు.”

“వద్దు మేడం. కారు స్పీకర్లో వస్తుంది.”

“రానీ. ఎత్తకుంటే ఏమైందో అని భయపడుతుంది. ఎత్తు.”

“క్రాంతీ! మేడం ఎక్కినారా? యాడిదాకా వచ్చినారు? మేడం పక్కనే ఉండారా?”

“ఉండా సుచరితా.”

“మేడం! నమస్తే మేడం! చెప్పేసినాడా మీకు? నేనే చెప్తానంటి, ఆ మనిషి నోరు నిలుస్తాదా! మేడం, నాకు ఉద్యోగం మేడం. మీ డిపార్ట్‌మెంటులోనే!”

“విన్యా తల్లీ. శానా సంతోషం.”

“మా అమ్మకు చెప్తే ఏడ్చె. మా అత్త కూడా ఏడ్చె. నేను నవ్వుకుంటా ఏడ్చినా మేడం. ఈ మనిషి చెప్పినాడో లేదో, మాకు ఇల్లు గడిచేది కూడా కష్టమై ఉండె. బయట నవ్వుకుంటా తిరుగుతాడు, ఇంట్లో అన్నం ముందర కూర్చోని ముద్ద ఎత్తకుండా లేచిపోతాడు. నాకు భయమేసేది మేడం. ఏమన్నా చేసుకుంటాడేమో అని ఆయన బయటికి పోతే తిరిగొచ్చేదాకా వాకిట్లోనే కూర్చునేదాన్ని.”

“సుచరితా, ఫోను పెట్టేయ్. నేను మళ్ళా చేస్తా.”

“ఉండప్పా, నేను మేడంతో మాట్లాడతాండా. మేడం, స్టాఫ్ రూములో మీ పక్కన కుర్చీ ఖాళీ ఉండాదా? నేను ఆడనే కూర్చుంటా. నా క్లాసు లేనప్పుడు మీ క్లాసుకొచ్చి ఎనక బెంచీలో కూర్చుంటా. మళ్ళా ఆ జాబుల పాఠం వినల్ల మేడం నేను. మీరు ఉండారనే ధైర్యంతోనే ఒప్పుకున్యా.”

“కుర్చీ ఉంటుందిలే అమ్మా. ఏం భయపడొద్దు. నీకు పాఠం చెప్పడం వచ్చు.”

“ఇంగో మాట మేడం. ఎన్నిసార్లు అడిగినా రాని పోస్టు ఇప్పుడెట్ల వచ్చె అని ఆఫీసులో అడిగితి. కాలేజీలోనే ఒగ మేడం పట్టుబట్టి ఈ కొత్త పేపరు పెట్టిస్తాండారంట. ఈ పొద్దు మీటింగులో ఆమే లేచి చెప్తారంట. పేరు చెప్పలే వాళ్ళు. మా సంసారం నిలబెట్టిన మనిషి మేడం, పోయి ఆయమ్మ కాళ్ళకు దండం పెట్టుకోవల్ల. మీకు తెలిసే ఉంటుంది గదా. ఎవరు మేడం ఆమె?”

“...”

“మేడం? వినపడతాందా? ఎవరు మేడం?”

“వినపడతాంది తల్లీ. నేనే.”